అర్థం చెప్పని ఆజ్ఞలు



ముప్పైనాలుగేళ్ళు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఛందస్సు గురించో సంధుల గురించో రాయవలసిన మనిషి లినక్సులో వైఫై గురించి రాయడమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. నిజానికి ఈ టపా నా వృత్తికి సంబంధించినదే. అర్థం చెప్పకుండా పాఠం అప్పజెప్పించుకునే ఉపాధ్యాయుడు విద్యార్థికి ఎంత అపకారం చేస్తాడో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ పని చేశాను. అదే అపకారం ఇవాళ లినక్సు నేర్చుకుందామని వచ్చినవాళ్ళకు జరుగుతున్నది. చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

మా ఊళ్ళో నా పూర్వ విద్యార్థి ఒకడు వ్యవసాయం చేసుకుంటున్నాడు. అతని కూతురు ఇంటర్మీడియెట్ పూర్తిచేసింది. నా దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్ ఉండేది. విండోస్ మోయలేక మూలుగుతున్న ఆ యంత్రంలో డెబియన్ లినక్సు వేసి ఆ పిల్లకిచ్చాను. రెండు నెలలు లక్షణంగా నడిచింది. ఒకనాటి సాయంత్రం వైఫై ఆగిపోయింది. వాళ్ళ పిన్ని కొడుకు పట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. విషయం చెప్పగానే ఫోనులో ఆరు ఆజ్ఞలు పంపాడు. ఆ పిల్ల వాటిని పొల్లు పోకుండా టెర్మినల్‌లో కొట్టింది. ఏమీ మారలేదు. తండ్రి ఆ యంత్రాన్ని పట్నంలో బాగుచేసే దుకాణానికి తీసుకెళ్ళాడు. "లినక్సులో వైఫై పనిచేయదండీ, ఇది తీసేసి విండోస్ వేస్తాను, ఎనిమిది వందలివ్వండి" అన్నాడట దుకాణదారు. మూడవ రోజు తండ్రీకూతుళ్ళు మా ఇంటికి వచ్చారు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఈ లినక్సు మనబోటి వాళ్ళకు కాదేమో" అన్నాడు మా శిష్యుడు.

ఆ మాట నన్నంతగా బాధించలేదు. ఆ పిల్ల అన్న మాట బాధించింది. "నాకు కంప్యూటర్లు అబ్బవు తాతగారూ. అన్నయ్య చెప్పినట్టే చేశాను, అయినా రాలేదు. డిగ్రీలో కంప్యూటర్లు తీసుకుందామనుకున్నాను, మానేస్తాను" అన్నది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి నాలుగు రోజులే గడువున్నది. చెప్పినదంతా చెప్పినట్టు చేసి, ఫలితం రాకపోతే తప్పు తన బుద్ధిదేనని నిర్ణయించుకున్న పిల్ల! వ్యాకరణ సూత్రం వల్లెవేసి, ఉదాహరణ ఇవ్వగానే బిక్కమొహం వేసిన పిల్లలను నేను ఎంతమందిని చూడలేదు? వాళ్ళకు బుద్ధి లేక కాదు. సూత్రం చెప్పినవాడు వృత్తి చెప్పలేదు, అంతే.

ఇంతకూ ఆ ఆరు ఆజ్ఞలూ ఏమిటో చూశాను. మొదటిది, అప్పటికి చక్కగా పనిచేస్తున్న డ్రైవరును బ్లాక్‌లిస్టులో చేర్చే ఆజ్ఞ. అంటే ఇకముందు దాన్ని రానీయవద్దని కెర్నెల్‌కు చెప్పడం. రెండవది, దాని స్థానంలో వేరే డ్రైవరును అంతర్జాలం నుంచి తెమ్మని. అంతర్జాలమే లేదు గదా, ఎక్కడి నుంచి వస్తుంది? మూడవ నాలుగవ ఆజ్ఞలు డబ్ల్యూల్యాన్0 అనే పేరుగల పరికరాన్ని ఉద్దేశించినవి. ఆ యంత్రంలో ఆ పేరుగలది లేదు. ఐదవది, వైఫైని నడిపే నెట్‌వర్క్ మేనేజరును నిలిపివేసి, మళ్ళీ బూట్ చేసినా లేవకుండా చేసింది. ఆరవది రీస్టార్టు. రోగి ఎవరో, రోగమేమిటో చూడకుండా ఎప్పుడో ఎవరికో రాసిన చీటీని తెచ్చి మందు పోయడమంటే ఇదే. ఆ కుర్రవాడు చెడ్డవాడు కాడు. అతనికీ ఎవరో అలాగే నేర్పారు. ఒక్కొక్క ఆజ్ఞకు ముందు సుడో అనే మాట ఉన్నది. ఈ యంత్రంపై సర్వాధికారాలతో ఈ పని చేయమని దాని భావం. చిన్న పిల్ల చేత, తెలియని మాటలతో, సర్వాధికార పత్రాల మీద ఆరుసార్లు సంతకం చేయించాడన్నమాట!

డబ్ల్యూల్యాన్0 సంగతి కాస్త చెప్పాలి, ఇక్కడ నా పాండిత్యానికి కొంచెం పని దొరికింది. పూర్వం లినక్సులో వైర్‌లెస్ పరికరాలను డబ్ల్యూల్యాన్0, డబ్ల్యూల్యాన్1 అని వరుస సంఖ్యలతో పిలిచేవారు. 2013లో సిస్టమ్‌డి కొత్త నామకరణ పద్ధతి తెచ్చింది. ఆ పద్ధతి ప్రకారం ఈ ల్యాప్‌టాప్‌లోని పరికరం పేరు డబ్ల్యూఎల్‌పీ3ఎస్0. చూడగానే బీజాక్షరాల్లా భయపెడుతుంది గాని, ఇది శుద్ధమైన సమాసం. విగ్రహవాక్యం చెబితే భయం పోతుంది. డబ్ల్యూఎల్ అంటే వైర్‌లెస్ ల్యాన్, పీ3 అంటే మూడవ నంబరు పీసీఐ బస్సు, ఎస్0 అంటే అందులో సున్నా నంబరు స్లాటు. పేరులోనే చిరునామా ఉన్నది. ఈ రెండు నిమిషాల పాఠం చెప్పి ఉంటే, పాత ఆజ్ఞలోని పాత పేరు తన యంత్రానికి పనికిరాదని ఆ పిల్లే పట్టుకునేది.

వైర్‌లెస్ చెడినప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఎనిమిది. వాటికొక క్రమమున్నది. మొదటి ప్రశ్నకు సమాధానం దొరకనిదే రెండవదానికి పోరాదు. ఆ క్రమమే ఈ విద్య.

యంత్రానికి ఆ పరికరం కనిపిస్తున్నదా? ఎల్ఎస్‌పీసీఐ అనే ఆజ్ఞ (పరికరం యూఎస్‌బీది అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ) లోపలి పరికరాల జాబితా చదువుతుంది. తగిన గుర్తులు చేర్చి అడిగితే ప్రతి పరికరానికీ రెండు సంఖ్యలు చూపుతుంది, ఒకటి ఇంటిపేరు, రెండవది పేరు. 8086 అనే ఇంటిపేరు కనబడితే అది ఇంటెల్ వారి బిడ్డ. దాన్ని ఎవరు నడుపుతున్నారు? అదే ఆజ్ఞకు కె అనే గుర్తు చేర్చితే, వాడుకలో ఉన్న డ్రైవరు పేరు చెబుతుంది. డ్రైవరుకు కావలసిన ఫర్మ్‌వేరు దొరికిందా? డిమెసేజ్ అనే ఆజ్ఞ కెర్నెల్ దినచర్యను చదివి వినిపిస్తుంది. ఫర్మ్‌వేరు దొరకకపోతే ఏ పేరుగల ఫైలు దొరకలేదో అందులో రాసి ఉంటుంది. రేడియో మూతబడి ఉన్నదా? ఆర్ఎఫ్‌కిల్ చెబుతుంది. చుట్టుపక్కల వైఫైలు కనిపిస్తున్నాయా? ఎన్ఎమ్‌సీఎల్ఐ చెబుతుంది. సంకేతపదం సరిగా కుదిరిందా? నెట్‌వర్క్ మేనేజరు లాగ్ చెబుతుంది. రూటరు మన యంత్రానికి ఐపీ చిరునామా ఇచ్చిందా? ఐపీ అనే ఆజ్ఞ చెబుతుంది. 169.254తో మొదలయ్యే చిరునామా కనబడితే రూటరు ఏమీ ఇవ్వలేదని, యంత్రం తనకు తానే ఒక పేరు పెట్టుకున్నదని అర్థం. చివరిది, పేర్లు తెలుస్తున్నాయా? 8.8.8.8కు పింగ్ పోయి, వెబ్‌సైటు పేరుకు పోకపోతే దారి బాగానే ఉన్నది, చిరునామాల పుస్తకం, అంటే డీఎన్ఎస్, మాత్రమే చెడింది.

ఈ ఎనిమిదింటిలో ఏదీ యంత్రాన్ని మార్చదు. అన్నీ ప్రశ్నలే. ఆయుర్వేదంలో నిదానమంటే రోగకారణాన్ని నిర్ణయించడం, మన వాడుకలో నిదానమంటే నెమ్మది. ఇక్కడ రెండర్థాలూ సరిపోతాయి.

ఆ రోజు కీబోర్డు నేను ముట్టుకోలేదు. ప్రశ్న నాది, ఆజ్ఞ కొట్టడం, సమాధానం చదివి అర్థం చెప్పడం ఆ పిల్లవి. మొదటి ప్రశ్నకు సమాధానం దొరికింది, పరికరం కనిపిస్తున్నది. రెండవదాని దగ్గర ఆగింది. "తాతగారూ, పనికొచ్చే మాడ్యూలు పేరు రాశాడు గాని, వాడుకలో ఉన్న డ్రైవరు అనే వరుసే లేదు" అన్నది. ఇంటి యజమాని పేరు రికార్డులో ఉన్నది, మనిషి మాత్రం ఇంట్లో లేడు. ఎందుకు లేడు? ఎవరో రావద్దన్నారు గనుక. మోడ్‌ప్రోబ్ వారి సంచయంలో మూడు రోజుల క్రితం పుట్టిన ఒక ఫైలు కనిపించింది. మొదటి ఆజ్ఞ పుట్టించినదే. దాన్ని తీసివేసి డ్రైవరును పిలిచాము, వచ్చింది. ఫర్మ్‌వేరుకూ లోటు లేదు. నాలుగవ ప్రశ్న దగ్గర ఆర్ఎఫ్‌కిల్ అసలు రహస్యం చెప్పింది. సాఫ్ట్ బ్లాక్డ్, ఎదురుగా, అవును.

అంటే ఏమిటి? ఎప్పుడో తెర వెలుతురు పెంచబోయి, పక్కనే ఉన్న విమానం బొమ్మ మీటను నొక్కింది. రేడియో మూతబడింది. లినక్సు ఆ స్థితిని గుర్తు పెట్టుకొని, ఎన్నిసార్లు రీస్టార్టు చేసినా అదే స్థితిలోకి తెస్తుంది. మనం మూయమన్నదాన్ని మూసి ఉంచడం దాని ధర్మం. అన్‌బ్లాక్ అనే ఒక్క మాటతో మూత తెరుచుకున్నది. నిలిపివేసిన నెట్‌వర్క్ మేనేజరును మళ్ళీ లేపాము. ఇరవై నిమిషాల పని.

ఇక్కడ చదువరులు గమనించవలసిన విషయమొకటున్నది. డ్రైవరే లేనప్పుడు దాని రేడియో ఆర్ఎఫ్‌కిల్ జాబితాలోకే రాదు. అంటే మొదటి ఆజ్ఞ రోగాన్ని తగ్గించకపోగా, రోగలక్షణాన్ని కూడా కప్పేసింది! మొదటిరోజే ప్రశ్న అడిగి ఉంటే ఒక్క మాటతో పోయే దానికి మూడు రోజులు, ఒక దుకాణం, ఒక పిల్ల ఆత్మవిశ్వాసం ఖర్చయ్యాయి.

"సామాన్యులకు ఇంత తీరిక ఎక్కడిదండీ, పని జరగడం ముఖ్యం" అనేవారున్నారు. నేనూ ఒప్పుకుంటాను, అందరూ పండితులు కానక్కరలేదు. కానీ తీరిక లేనివాడే ముందు ప్రశ్న అడగాలి. మూడు రోజులు పోగొట్టుకునే తీరిక మాత్రం ఎవరికున్నది? చదివి వినిపించమని అడిగితే నష్టం లేదు, మార్చమని ఆజ్ఞాపిస్తేనే నష్టం. ఈ ఒక్క భేదం తెలిస్తే చాలు.

ఇక దుకాణదారు మాట. లినక్సులో వైఫై పనిచేయదట! ఆ మాట అంటున్నప్పుడు ఆయన జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో నడుస్తున్నది లినక్సు కెర్నెలే. ఆ ఫోనులో వైఫై భేషుగ్గా నడుస్తుంది. ఇళ్ళలో గోడకు తగిలించిన వైఫై రూటర్లలో ఎన్నో లినక్సుతోనే నడుస్తాయి. లింక్‌సిస్ వారి డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటరు కథ ఈ రంగంలో ప్రసిద్ధం. దానిలో ఉన్నది లినక్సేనని తెలిసి, జీపీఎల్ లైసెన్సు ప్రకారం మూలం బయటపెట్టమని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వారు పట్టుబట్టగా, 2003లో కంపెనీ మూలసంకేతాన్ని విడుదల చేసింది. దాని నుంచే మరుసటి ఏడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. అంటే గాలిలోకి సంకేతాలు పంపే వైపు లినక్సు బాగానే పనిచేస్తుంది, అందుకునే వైపు మాత్రం చేతకానిదవుతుందా? భేదం ఒక్కటే. ఫోనుకూ రూటరుకూ చిప్పు తయారుచేసినవాడే డ్రైవరు ఇస్తాడు, లేకపోతే సరుకు అమ్ముడుపోదు. మన ల్యాప్‌టాప్‌లోని చిప్పుకు విండోస్ డ్రైవరు రాసి, లినక్సుకు మాత్రం మొండిచెయ్యి చూపినవాళ్ళు చాలాకాలం ఉన్నారు.

బ్రాడ్‌కామ్ చిప్పుల చరిత్ర చూడండి. లినక్సుకు డ్రైవరూ లేదు, చిప్పు ఎలా పనిచేస్తుందో చెప్పే పత్రమూ లేదు. స్వచ్ఛంద కార్యకర్తలు కొందరు ఆ కంపెనీ డ్రైవరును విశ్లేషించి చిప్పు స్వభావాన్ని గ్రంథస్థం చేస్తే, ఆ రాతను మాత్రమే ఆధారం చేసుకొని మరికొందరు కొత్తగా డ్రైవరు రాశారు. చూసినవారు రాయలేదు, రాసినవారు చూడలేదు, దొంగతనమన్న నింద రాకుండా అంత నియమం పాటించారు. ఆ డ్రైవరు 2006లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది. అప్పటికీ ఫర్మ్‌వేరును కంపెనీవారి ఫైలులోంచి కోసి తీసుకోవలసిందే, అందుకు ప్రత్యేకంగా ఒక పనిముట్టు తయారుచేశారు. కంపెనీ తన కొత్త చిప్పులు కొన్నింటికి స్వయంగా మూలసంకేతంతో డ్రైవరు ఇచ్చింది 2010లో. అథెరోస్ అంతకు రెండేళ్ళ ముందే, 2008లో, ఏటీహెచ్9కె అనే డ్రైవరును బాహాటంగా ఇచ్చింది. ఇవ్వదలచుకుంటే ఇవ్వవచ్చునన్నమాట!

నా ఆగ్రహం ఆజ్ఞలు పంచేవారి మీద ఎంతో, రహస్యం దాచేవారి మీదా అంతే. ఒకరు ప్రశ్న అడగనివ్వరు, మరొకరు అడిగినా సమాధానం చెప్పరు. డబ్బిచ్చి కొన్న వస్తువు ఎలా నడుస్తుందో కొన్నవాడికి చెప్పకపోవడం వ్యాపార రహస్యమైతే, ఆ చీకట్లో తడుముకున్నవాడిని చేతకానివాడనడం ఏ న్యాయం?

ఇక నా పక్షంవారితోనే ఒక తగవున్నది. మూలం చూపని ఫర్మ్‌వేరు అపవిత్రమని, దాన్ని ముట్టరాదని నియమనిష్ఠలు పాటించేవారు మాలో ఉన్నారు. చాలాకాలం నేనూ వారి పక్షాన్నే ఉన్నాను. డెబియన్ అధికారిక ఇన్‌స్టాలరులో అటువంటి ఫర్మ్‌వేరు ఉండేది కాదు. నేను కొన్న మరో ల్యాప్‌టాప్‌లో ఈథర్నెట్ తీగ పెట్టే రంధ్రమే లేదు. ఫర్మ్‌వేరు తెచ్చుకుంటేగాని వైఫై రాదు, వైఫై వస్తేగాని ఫర్మ్‌వేరు తెచ్చుకోలేను. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టున్నది. ఆ రోజు ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి, టెథరింగ్ పెట్టి గట్టెక్కాను. ఆ ఉపాయం తెలియని కొత్తవాడు ఏమి కావాలి? డెబియన్ వారు 2022లో ఓటు వేసుకొని, ఫర్మ్‌వేరును ఇన్‌స్టాలరులో చేర్చాలని నిర్ణయించారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 ఆ ప్రకారమే వచ్చింది. స్వేచ్ఛ లేని భాగాన్ని దాచకుండా, దానికి వేరే విభాగం పెట్టి, పేరు పెట్టి, వద్దనుకున్నవారికి వద్దనే అవకాశం ఉంచారు. అది ధర్మమైన రాజీ అని నా అభిప్రాయం. గుమ్మం దగ్గరే కొత్తవాణ్ణి ఆపేసే మడి ఎవరిని ఉద్ధరిస్తుంది? నిష్ఠాగరిష్ఠులైన మిత్రులు కోపగించుకున్నా సరే.

ఇంత చెప్పి, లినక్సులో దోషాలు లేవని వాదించను. దాని సందేశాలు ఇంగ్లీషులోనే, అదీ వైద్యుల చేతిరాత వంటి ఇంగ్లీషులో ఉంటాయి. సాఫ్ట్ బ్లాక్డ్ అంటే ఏమిటో ఆ పిల్లకు నేను తెలుగులో చెప్పవలసి వచ్చింది. మెనూలను తెలిగించడానికి ఎందరో శ్రమపడ్డారు, వారికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ చెడినప్పుడు యంత్రం చెప్పే మాట తెలుగులో లేకపోతే, బాగున్నప్పుడు కనిపించే మాట తెలుగులో ఉండి ఎంత ప్రయోజనం? ఆ పని భాషావేత్తలదీ, నావంటి విశ్రాంత పండితులదీ కూడా. మేము చేయలేదు. ఆ నిందలో నా వాటా నేను తీసుకుంటాను.

అయినా ఒక్క గుణం కోసం ఈ వ్యవస్థను నేను వదలను. అడిగితే చెబుతుంది. ఏ ఫైలు దొరకలేదో, ఏ తలుపు మూసి ఉన్నదో, ఎక్కడ ఆగిందో వరుసగా చెబుతుంది. "ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి" అని సరిపుచ్చదు. అడిగే పిల్లకు జవాబు చెప్పే గురువు దొరకడం నా చిన్నతనంలోనే అరుదు. అటువంటి గురువు ఉచితంగా ఇంటికి వస్తే, మూడు రోజులకే దుకాణంలో వదిలిపెట్టి రావడం మన దౌర్భాగ్యం.

కాబట్టి సహాయం చేయబోయే యువమిత్రులకు నా మనవి ఇది. ఆజ్ఞ పంపే ముందు ఒక ప్రశ్న పంపండి. ఆజ్ఞే పంపవలసి వస్తే, అది ఏమి చేస్తుందో ఒక్క వాక్యం తెలుగులో రాయండి, దాన్ని వెనక్కు తిప్పడమెలాగో ఇంకొక వాక్యం రాయండి. ఆ రెండు వాక్యాలూ మీకే రాయడం చేతకాకపోతే, ఆ ఆజ్ఞ ఇంకొకరి చేత కొట్టించే అర్హత మీకింకా రాలేదన్నమాట. మాట కటువుగా ఉంటే వృద్ధుణ్ణి మన్నించండి.

ఆ పిల్ల ల్యాప్‌టాప్ తిరిగి తీసుకుపోయింది. డిగ్రీలో ఏ సబ్జెక్టు ఎంచుకున్నదో నేనడగలేదు, అది ఆమె ఇష్టం. మొన్న ఆదివారం మాత్రం వాళ్ళ అన్నయ్య ఏదో కొత్త ఆజ్ఞ పంపితే, దాన్ని కొట్టకుండా కాగితం మీద రాసుకొని మా అరుగు మీదికి వచ్చింది.

"తాతగారూ, దీనికి విగ్రహవాక్యం చెప్పండి" అన్నది.

స్వస్తి.